నలభై వేల మంది అత్తగార్లు

"నలుగురం విమానంలో వెళ్ళొస్తే తొమ్మిది వందల కిలోలు" అన్నాడు అధికారి, రొట్టె మీద వెన్న రాసుకుంటూ.

"నేను విమానం అనలేదు. సముద్రం అన్నాను" అంది ఇల్లాలు.

ఈ వాదన మొదలై అది మూడో రోజు. ఇల్లాలికి కావలసింది సముద్రం పక్కన నాలుగు రోజులు. పెళ్ళయి పదకొండేళ్ళయినా ఆమె ఊరి పొలిమేర దాటలేదు. అధికారి పర్యాటక శాఖలో పనిచేస్తాడు. దేశంలో జనం చేసే విహారయాత్రల వల్ల, అంటే విమానాలు, బస్సులు, హోటలు గదులు, ఉతికిన తువాళ్ళ వల్ల, గాలిలో ఎంత కర్బనం కలుస్తోందో కొలవడం ఆయన ఉద్యోగం. అది కొలిచేవాడే పెట్టె సర్దుకుని బయల్దేరితే కంచే చేను మేసినట్టుంటుందని ఆయన అభిప్రాయం.

"పదకొండేళ్ళుగా చేనూ కదల్లేదు, కంచే కదల్లేదు" అంది ఇల్లాలు.

పదేళ్ళ కూతురు తలెత్తి, "రైల్లో అయితే ఎన్ని కిలోలు నాన్నా?" అని అడిగింది. ఆ లెక్క ఇంకా తేలలేదని చెప్పి ఆయన బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు. ఇల్లాలు ఇక ఆయనతో మాట్లాడకూడదని నిర్ణయించుకుంది.

పది గంటలకు ఒక సర్వే ఉద్యోగిని తలుపు తట్టింది. దేశం మొత్తం మీద కంప్యూటరు లాటరీ తీసి కొన్ని ఇళ్ళను ఎంపిక చేసిందట, అందులో ఈ ఇల్లూ ఉందట. ఒక్కో ఇల్లు నలభై వేల ఇళ్ళ తరఫున జవాబు చెబుతుంది కాబట్టి జాగ్రత్తగా చెప్పమంది. చెప్పినవి గోప్యంగా ఉంటాయని, ఫారం మీద పేరు కాక అంకె మాత్రమే వేస్తామని కూడా చెప్పింది. ఈ నియమాలన్నీ రాసింది అధికారే. చెప్పేవారిని టిక్కెట్లు చూపించమని అడిగి అవమానించరాదన్న నియమం కూడా ఆయనదే.

ఆ సమయానికి ముందు గదిలో అత్తగారు ఉన్నారు. పక్కింటావిడ కూడా ఉంది, అదే అసలు చిక్కు. పక్కింటావిడ ఏడాదికి ఆరు నెలలు ఊళ్ళు తిరుగుతుంది, మిగతా ఆరు నెలలు ఆ సంగతులు అత్తగారికి చెబుతుంది.

పోయిన ఏడాది ఎక్కడికైనా వెళ్ళారా అని సర్వే ఉద్యోగిని అడిగింది. పక్కింటావిడ జాలిగా నవ్వి, పాపం వాళ్ళెక్కడికీ వెళ్ళరమ్మా అని తనే జవాబు చెప్పబోయింది.

"నాలుగుసార్లు వెళ్ళాం. రెండుసార్లు కొండలకి, ఒకసారి సముద్రానికి, ఒకసారి ద్వీపానికి" అన్నారు అత్తగారు.

"నాకు తెలియనే లేదే!"

"మీరు ఊళ్ళో ఉంటేగా."

ద్వీపానికి ఎలా వెళ్ళారని సర్వే ఉద్యోగిని అడిగింది. విమానంలోనే, ఈదుకుంటూ వెళతామా అన్నారు అత్తగారు. కొండలకీ, సముద్రానికీ కూడా విమానంలోనే వెళ్ళారు. బస వివరాల దగ్గర ఆవిడ తడబడి, "కోడలా, నువ్వు చెప్పు" అని లోపలికి కేకేశారు.

పరాయివాళ్ళ ముందు అత్తగారిని అబద్ధాలకోరును చెయ్యడం ఇల్లాలి పెంపకంలో లేదు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. రెండు గదులు తీసుకున్నామంది, అత్తయ్యకి చల్లగాలి పడదు కనుక. తువాళ్ళు రోజూ మార్చేవారంది. ఇక సముద్రం దగ్గరి గది గురించి ఎవరూ అడగకుండానే చెప్పసాగింది. సర్వే ఉద్యోగిని దాన్ని 'ఇతర వివరాలు' గడిలో పట్టినంత రాసుకుని, దండం పెట్టి వెళ్ళిపోయింది.

గోప్యమన్నారు కాబట్టి ఇల్లాలు ఈ సంగతి భర్తకు చెప్పలేదు. గోప్యం కాకపోయినా చెప్పేది కాదు. మాటలు లేవుగా.

రెండు వారాల తరవాత దేశపు కర్బనం లెక్క ఉన్నట్టుండి పైకి లేచింది. అధికారి వెతికి వెతికి కారణం పట్టుకున్నాడు. ఒకానొక రకం ఇళ్ళలో, పెద్దవాళ్ళు ఏడాదికి నాలుగుసార్లు ఎగురుతున్నారు. ఆయన దీని మీద పన్నెండు పేజీలు రాసి 'వృద్ధుల విమాన విహారం' అని పేరు పెట్టాడు. శాఖలో చప్పట్లు కొట్టారు. పేపర్లో వచ్చింది. వృద్ధులకు నచ్చజెప్పడానికి ఒక సంఘం కూడా వేశారు.

ఆ సాయంత్రం ఆయన పేపరు తెచ్చి ఇంట్లో చదివి వినిపించాడు. "చూశావా అమ్మా? నలభై వేల మంది అత్తగార్లు ద్వీపాలకి ఎగురుతున్నారు."

"కాలం చెడిపోయిందిరా" అన్నారు అత్తగారు.

ఇల్లాలు వంటింట్లోకి వెళ్ళి కాసేపటి దాకా బయటికి రాలేదు.

లెక్క మరీ ఎక్కువగా చూపిన ఇంటిని స్వయంగా వెళ్ళి సరిచూడాలని ఇంకో నియమం ఉంది. అదీ అధికారిదే. సోమవారం శాఖ డైరెక్టరమ్మ చిరునామా ఉన్న కవరు తీసుకుని, అధికారిని వెంటబెట్టుకుని బయల్దేరింది. కారు వద్దని అధికారి ఆవిడను బస్సెక్కించాడు. దిగాక ఆవిడ కవరు చించి, చీటీ చూస్తూ ముందు నడిచింది. తమ వీధిలోకే మలుపు తిరిగినప్పుడు అధికారి నొచ్చుకున్నాడు. "మా వీధిలోనే ఇలాంటి ఒళ్ళు తెలియని మనుషులున్నారంటే నమ్మలేకపోతున్నాను మేడమ్" అన్నాడు. ఆవిడ ఆగిన గేటుకు రంగు వేసింది ఆయనే.

వరండాలో అత్తగారు కూర్చుని ఉన్నారు. గోడవతల పక్కింటావిడ గొట్టంతో మొక్కలకు నీళ్ళు పోస్తోంది. మనుషులను చూసి, పోయడం మానేసింది.

"అమ్మా, పోయిన ఏడాది మీరు నాలుగుసార్లు విమానం ఎక్కారా?" అని అడిగింది డైరెక్టరమ్మ.

అత్తగారు గోడ వైపు చూశారు. "మావాణ్ణే అడగండి. వాడూ వచ్చాడు."

అధికారి తల్లి ముఖం చూశాడు. తరవాత గోడవతల గొట్టం పట్టుకుని నిలబడ్డ పక్కింటావిడను చూశాడు. "తిరగడం కాస్త ఎక్కువే మేడమ్. లోపలికి రండి, వివరంగా చెబుతాను" అన్నాడు, గోడ దాటేంత గట్టిగా.

లోపల గొంతు తగ్గించి నిజం చెప్పాడు. పన్నెండు పేజీలు పోయాయి.

"అసలు ఎన్నిసార్లు వెళ్ళారు?" అని డైరెక్టరమ్మ ఇల్లాలిని అడిగింది.

"ఒక్కసారీ వెళ్ళలేదండీ. పదకొండేళ్ళలో."

డైరెక్టరమ్మ పాత అంకెలు కొట్టేసి సున్నా వేసింది. సున్నాను నలభై వేలతో గుణిస్తే ఎంతో ఎవరూ అడగలేదు. "పర్యాటక శాఖ ఉద్యోగి ఇల్లు" అని మాత్రం ఆవిడ ఒకసారి పైకే అనుకుంది. వెళుతూ ఫారం ఆయన చేతికిచ్చి, "మీ ఆవిడ చెప్పిన గది బాగుంది. చదవండి" అంది.

'ఇతర వివరాలు' గడిలో ఇలా ఉంది: సముద్రం వైపు కిటికీ. తెల్లవారుజామున తెర తీస్తే మంచం మీంచే నీళ్ళు కనిపిస్తాయి. పాప గవ్వలు ఏరింది. ఆయన అంకెలేమీ మాట్లాడలేదు.

అధికారి దాన్ని రెండుసార్లు చదివాడు.

రాత్రి భోజనాల దగ్గర, పప్పు గిన్నె అందుకుంటూ, చెప్పాల్సింది చెప్పాడు. "శుక్రవారం సముద్రానికి వెళుతున్నాం. నాలుగు రోజులు. కిటికీ సముద్రం వైపే."

ఇల్లాలు ఆయన కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది. అడక్కుండా వెయ్యడం నెల రోజుల్లో అదే మొదలు.

"రైల్లోనా నాన్నా? ఎన్ని కిలోలు?" అంది కూతురు.

"రైల్లోనే. లెక్క తిరిగొచ్చాక చూద్దాం."

మర్నాడు పొద్దున్నే అత్తగారు గోడ దగ్గర నిలబడి, మళ్ళీ సముద్రమేనటండీ, ఒకసారి చూసిందే కదా అంటే పిల్లలు వినరు అని పక్కింటావిడతో విసుక్కున్నారు.