మా కొట్టుకు పోటీ మా అక్కయ్యే!

వ్యాపారపు ఇంగ్లీషు కంటే మనిషికి మేలు చేసినది ఈ భూమ్మీద ఇంకొకటి లేదు! నిప్పు, చక్రం, దోమతెర అన్నీ దాని తర్వాతే.

నవ్వకండి. నాకు గొడుగుల కొట్టు ఉంది. అనుభవం మీద చెబుతున్నాను.

వెనకటికి పొద్దుటి నుంచి దీపాలు పెట్టే దాకా ఒక్క మనిషి గడప తొక్కకపోతే "ఈగలు తోలుకుంటున్నాం" అనేవాళ్ళం. ఎంత అప్రతిష్ఠ! ఇప్పుడు అదే కుర్చీలో, అదే ఈగల మధ్య కూర్చుని "మార్కెట్ స్టడీ చేస్తున్నాం" అంటున్నాం. మా సంగతి అలా ఉంచండి, ఈగలకే గౌరవం పెరిగింది.

సరుకు అటకెక్కి బూజు పట్టిందనుకోండి. పాతకాలంలో "ఎవడూ కొనని సరుకు" అనేవాళ్ళు. వింటేనే కొట్టు మూసేయాలనిపించేది. ఇప్పుడు దాన్ని "నీష్ ప్రాడక్ట్" అనాలట. అంటే కొనేవాడు ఎక్కడో ఉన్నాడు, ఆ సంగతి వాడికింకా తెలియదు, అంతే! ఇంత ధైర్యం ఏ భాష ఇచ్చింది మనకు?

ఈ భాగ్యమంతా మా అల్లుడి చలవ.

అల్లుడు ఒక పెద్ద కంపెనీలో పనిచేసేవాడు. ఒకరోజు ఆ కంపెనీ అతన్ని "రైట్‌సైజ్" చేసింది. పని పోయిందంటే ఇంటిల్లిపాదీ దిగాలుపడి కూర్చునేవాళ్ళం. రైట్‌సైజ్ అనేసరికి మా ఆవిడ "పోనీలే, ఇన్నాళ్ళకైనా సరిగ్గా చూసుకున్నారు" అంది. చూశారా, ఒక్క మాట ఎన్ని కన్నీళ్ళు ఆదా చేసిందో!

తర్వాత అతను మా అమ్మాయితో సహా మా ఇంటికే వచ్చి, సాయంత్రాలు బిజినెస్ ఇంగ్లీషు క్లాసులో చేరాడు. దిండంత పుస్తకం. మొదట మార్కెట్ రీసెర్చ్, తర్వాత ప్రాడక్ట్ లైఫ్ సైకిల్, ఆ తర్వాత అడ్వర్టైజింగ్. ఒక్కో పాఠం పూర్తికాగానే మా కొట్టు మీద ప్రయోగించేవాడు. డాక్టరీ చదివేవాళ్ళకు కప్ప ఉన్నట్టు అతనికి మేమున్నాం.

ఇక్కడ మా అక్కయ్య గురించి చెప్పాలి. కొట్టు ముందు భాగంలో నేను గొడుగులు అమ్ముతాను. వెనక కిటికీ పక్కన పీట మీద అక్కయ్య గొడుగులు బాగుచేస్తుంది. ఊచ విరిగితే కొత్త ఊచ, గుడ్డ చిరిగితే కొత్త గుడ్డ. బావ పోయి చిన్న వయసులో మా ఇంటికి వచ్చినప్పుడు మా నాన్న ఆ పీట చూపించి, చేతిలో సూది పెట్టాడు. అప్పటినుంచి ఆమె ఎవరి దయ మీదా ముద్ద తినలేదు. పొద్దున్న ఆ పీట మీద కూర్చోకపోతే ఇంట్లో ఇంకెక్కడ కూర్చోవాలో ఆమెకు తెలియదు. మాకూ తెలియదు.

ఆమెకు మాటలు ఎక్కువ. నాకు తక్కువ. నాన్న ఇద్దరికీ కలిపి ఇచ్చినవన్నీ ఆమే వాడేసిందంటుంది మా ఆవిడ.

సరే, మొదటి పాఠానికి వద్దాం.

నా మార్కెట్ రీసెర్చ్ అంతా ఒక్క మాటే: "ఏం కావాలి?" మనిషి లోపలికి రాగానే అడిగేవాణ్ణి. వాడు చెప్పేవాడు. ఎంత మొరటు పద్ధతి! అల్లుడు ఫోకస్ గ్రూప్ పెట్టాడు. అంటే కొట్టుకొచ్చేవాళ్ళను నలుగురిని పిలిచి, టీ ఇచ్చి, వాళ్ళకు ఏం కావాలో అడక్కుండా తెలుసుకోవడం.

నలుగురిని పిలిస్తే వీధంతా వచ్చింది. ఆకాశంలో మబ్బు తునక లేదు, అందరి చేతుల్లోనూ గొడుగులే! ఎలాగూ పిలిచారు కదా, పనిలో పనిగా అక్కయ్యతో కుట్టించుకుపోదామని విరిగినవి, చిరిగినవి అన్నీ మోసుకొచ్చారు.

"ఈ గొడుగు వేసుకున్నప్పుడు మీకేం ఫీలింగ్ కలుగుతుందండీ?" అని అల్లుడు మా వీధి టైలరును అడిగాడు.

"తడవను" అన్నాడు టైలరు.

"అది ఫంక్షనండీ. ఫీలింగ్ చెప్పండి."

టైలరు గడ్డం గోక్కున్నాడు. "ఎండలో మాడను కూడా."

పక్కన రిటైరైన పంతులమ్మ ఉంది. ఆమెను అడిగాడు. "మేడమ్, మీరు మళ్ళీ కొత్త గొడుగు ఎప్పుడు కొనాలనుకుంటున్నారు?"

"ఎందుకూ?" అందావిడ, గొడుగు వెనక్కి లాక్కుంటూ. "ఇది ఉందిగా! మా ఆయనది. పిడి ఆయన పట్టుకున్నదే. గుడ్డ మాత్రం మారుస్తుంటాను."

"ఇది పాడైతే?"

"మీ పెద్దమ్మ ఉందిగా నాయనా!"

అందరి తలలూ కిటికీ వైపు తిరిగాయి. అక్కయ్య నోట్లో దారం, చేతిలో కత్తెర. "టీలు చల్లారిపోతున్నాయి, తాగండి ముందు. గొడుగులు వరసలో పెట్టండి. ఏమయ్యా టైలరూ, దీంతో ఎవర్ని కొట్టావు? ఊచ ఇలా వంగింది!"

ఆ సాయంత్రం అల్లుడు రిపోర్టు పట్టుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మావయ్యా! మన బిగ్గెస్ట్ కాంపిటీటర్ ఎవరో దొరికారు."

"పక్క వీధివాడా?"

"కాదు మావయ్యా. పెద్దమ్మగారు!"

ఆలోచిస్తే నిజమే కదా! ఆమె బాగుచేసే ప్రతి గొడుగూ మేము అమ్ముకోలేకపోయిన గొడుగే. ఇన్నేళ్ళుగా శత్రువు మా వెనక గదిలోనే కూర్చుని మాకే టీ పోస్తోంది. రీసెర్చ్ లేకపోతే ఎప్పటికి తెలిసేది?

రెండో పాఠానికి అల్లుడు గోడమీద కొండ బొమ్మ గీశాడు. ఎక్కడం మొదలుపెడితే ఇంట్రడక్షన్, చకచకా ఎక్కితే గ్రోత్, పైన కూర్చుంటే మెచ్యూరిటీ, దిగితే డిక్లైన్. ప్రతి సరుకూ ఈ కొండ ఎక్కి దిగాల్సిందేనట.

"మన గొడుగు పైకెక్కి కూర్చుంది మావయ్యా. దిగట్లేదు! పెద్దమ్మగారు దిగనివ్వట్లేదు."

అమృతం కోసం దేవతలు సముద్రం చిలికారట. మేమేమో సూదీ దారంతో అదే పని చేసి, చావులేని సరుకు పెట్టుకుని దివాళా తీస్తున్నాం. ఎంత అజ్ఞానం!

అందుకని అల్లుడు కొత్తరకం గొడుగు తెప్పించాడు. చూడముచ్చటైన గొడుగు. తెరిస్తే తెరుచుకుంటుంది, మూస్తే మూసుకుంటుంది. రెండూ ఒకేరోజు చెయ్యమంటే మాత్రం మొరాయిస్తుంది.

మూడో పాఠం ప్రకటన. కొట్టు ముందు పెద్ద బోర్డు పెట్టించాడు: "జన్మలో రిపేరు అడగని గొడుగు!"

ఇందులో ఒక్క అక్షరం అబద్ధముంటే నన్ను అడగండి. ఊచ విరిగితే ఊడదీయడానికి వీలుండదు, కొత్తది దూర్చడానికి చోటుండదు. రిపేరు ఎలా అడుగుతుంది? నోరే లేదు దానికి! మనమైతే "విరిగితే పారేయాల్సిందే" అని మోటుగా రాసి సరుకు పరువు తీసేవాళ్ళం.

జనం ఎగబడి కొన్నారు. పొద్దున ఇంట్రడక్షన్. మధ్యాహ్నానికి గ్రోత్. సాయంత్రం ఈదురుగాలితో వాన పడింది. వీధి మలుపు తిరిగేసరికి గొడుగులన్నీ వెనక్కి విరుచుకుని ఆకాశం వైపు నోళ్ళు తెరిచాయి. పుస్తకంలో ఏళ్ళు పడుతుందన్న కొండను మా గొడుగు ఒక్కపూటలో ఎక్కి దిగేసింది!

టైలరు నిలువెల్లా కారుతూ కొట్లోకి వచ్చాడు. "ఏంటండీ ఇది?"

"లైఫ్ సైకిల్ కంప్లీట్ అయిందండీ" అన్నాడు అల్లుడు, మర్యాదగా.

"ఎవరిది, నాదా?"

అక్కయ్య వెనకనుంచి కేకేసింది. "ఇలా పట్రావయ్యా! ఇంటి దగ్గర పాత గొడుగు ఉందా? దాని గుడ్డ పోయింది, ఊచలు రాయిలా ఉన్నాయి. దీని ఊచలు పోయాయి, గుడ్డ నిగనిగలాడుతోంది. రెండింటికీ పెళ్ళి చేసేస్తాను!"

అంతే! మర్నాటినుంచి వీధిలో పెళ్ళిళ్ళే పెళ్ళిళ్ళు. కొత్త గొడుగును ఎవరూ పారేయలేదు. మళ్ళీ కొనడానికి ఎవరూ రాలేదు. మా పాత గొడుగులు కొత్త చీరలు కట్టుకుని మళ్ళీ కొండెక్కి కూర్చున్నాయి.

అల్లుడు తల పట్టుకున్నాడు. అక్కయ్య అతనికి టీ ఇస్తూ మెల్లగా అడిగింది.

"నన్ను పోటీ అన్నావట బాబూ?"

"అది... డేటా ప్రకారం పెద్దమ్మగారూ. పర్సనల్‌గా కాదు."

"అలాగే. నిన్ను ఆ కంపెనీవాళ్ళు పంపేసినప్పుడు ఏమన్నారు?"

"పంపలేదండీ. రైట్‌సైజ్..."

"అదే. ఎవరు చెప్పారు నీకు?"

"మెయిల్ వచ్చింది."

"మొహం చూసి ఒక్కరూ చెప్పలేదూ?"

అల్లుడు గ్లాసు అంచు వేలితో తుడిచాడు. "తాగు, చల్లారిపోతుంది" అంది అక్కయ్య, అతని భుజం మీద చెయ్యి వేసి.

అతన్నేమీ అనకండి. ఆ ఒక్క ఇంగ్లీషు మాట చేతిలో లేకపోతే, ఆ రోజు అతను మా అమ్మాయి ముందుకు ఏ మొహం పెట్టుకుని వచ్చేవాడు? మాట గొప్పదనం అదే! కానీ చదువుకున్న చదువు ఊరుకోనివ్వదు కదా. కొట్టు చూస్తే నడవడం లేదు. ఆ వారంలోనే మీటింగ్ పెట్టాడు. నేను, మా ఆవిడ, అమ్మాయి, అతను. అక్కయ్య గుడికి వెళ్ళినప్పుడు.

నిర్ణయం ఏమిటంటే, రిపేరు విభాగాన్ని "సన్‌సెట్" చేయడం. వింటుంటేనే చల్లగా లేదూ? ఎర్రటి ఆకాశం, గూటికి చేరే పక్షులు కనబడుతున్నాయి. కిటికీ పక్కనుంచి పీట తీసేయడం ఎక్కడైనా కనబడుతోందా?

"అత్తకి ఎవరు చెప్తారు?" అంది అమ్మాయి.

"నేను మాత్రం చెప్పను బాబూ" అంది మా ఆవిడ. "వదిన నా తలమీద ఒక్క వెంట్రుక ఉంచదు."

ముగ్గురూ నావైపు చూశారు.

"మీరైతే రెండు ముక్కల్లో తేల్చేస్తారు మావయ్యా" అన్నాడు అల్లుడు. ఏం చెప్పాలో కూడా నేర్పించాడు. "ఆర్గనైజేషన్ స్ట్రాటజిక్‌గా రీపొజిషన్ అవుతోంది. నీ రోల్ ట్రాన్సిషన్ అవుతోంది. నీ కాంట్రిబ్యూషన్‌ని మేం ఎంతో వాల్యూ చేస్తున్నాం."

బట్టీ పట్టాను. ఎంత మెత్తటి మాటలు! నోట్లో వేసుకుంటే కరిగిపోతాయి, గొంతుకు అడ్డం పడవు. ఎవరు ఎవర్ని ఏం చేస్తున్నారో వాటిలో ఎంత వెతికినా దొరకదు. కత్తి కనపడదు, చెయ్యి కనపడదు. అంతా దానంతటదే అవుతోంది, వాన పడినట్టు.

మధ్యాహ్నం వెనక్కి వెళ్ళాను. అక్కయ్య కిటికీ వెలుతురులో సూదికి దారం ఎక్కిస్తోంది. ఎదురుగా నిలబడి, ఎక్కడా ఆగకుండా మొత్తం అప్పజెప్పాను.

అక్కయ్య సూది కింద పెట్టింది.

"బాగా చెప్పావురా తమ్ముడూ. పుట్టి బుద్ధెరిగాక ఇంత పొడుగున నువ్వు మాట్లాడ్డం ఇదే చూడ్డం. ఇప్పుడు తెలుగులో చెప్పు."

"రీపొజిషన్ అంటే..."

"అర్థాలు అల్లుడు చెప్తాడులే. నువ్వు చెప్పు. తమ్ముడు అక్కకి చెప్పినట్టు."

చెబుదామనే నోరు తెరిచాను. "అక్కా" అన్నాను. అక్కడిదాకా బాగానే వచ్చింది.

ఆ తర్వాతి మాట కోసం వెతికాను. "లే" అనాలా? "చాలించు" అనాలా? "ఇంక నువ్వొద్దు" అనాలా? ఏది తీసినా దాని వెనకే నేను నిలబడి ఉన్నాను, దాని ముందు ఆమె కూర్చుని ఉంది. రెండు ముక్కల మనిషిని, రెండో ముక్క రాలేదు.

ఆమె నా మొహంలోకే చూస్తోంది. కళ్ళజోడు తీసి మరీ చూస్తోంది. గెంటేస్తే ఎక్కడికి పోవాలి అని అడిగే చూపు కాదు. నువ్వు అనగలవా, అని అడిగే చూపు.

"ఏంరా, గొంతులో ఏమైనా పడిందా?"

"ఏం లేదు. టీ తాగుతావేమోనని."

"దానికా ఇంత ఉపోద్ఘాతం! తెమ్మను."

తెచ్చి ఇచ్చాను. ఆమె ఒక గుక్క తాగి, మళ్ళీ సూది అందుకుంది.

ముందుకు రాగానే అల్లుడు పట్టుకున్నాడు. "కమ్యూనికేట్ చేశారా మావయ్యా?"

"చేశాను."

"ఫీడ్‌బ్యాక్?"

"పంచదార తక్కువైందట."

ఇప్పటికైనా ఒప్పుకుంటారా, వ్యాపారపు ఇంగ్లీషు ఎంత అవసరమో? పిల్లల్ని ఆ క్లాసులకు పంపండి, మీరూ వెళ్ళండి. ఒట్టి తెలుగుతో మిగిలిపోతే ఏమవుతుందో చూశారుగా. కన్న తండ్రి కూర్చోబెట్టిన అక్కను పీట మీంచి లేవమనడం కూడా మనిషికి చేతకాదు!