అటక మీద మామగారి గొంతు

భద్రం అసలు పేరు అతనికే సరిగ్గా గుర్తులేదు. తాళాలమ్మే కొట్టూ, దాచిపెట్టే బుద్ధీ రెండూ ఉన్నవాణ్ణి జనం ఇంకేమని పిలుస్తారు? గొడుగుకు సంచీ, ఆ సంచీకి బీరువా, ఆ బీరువాకు రెండు తాళాలు. వానొచ్చిన రోజు మాత్రం తడుస్తూ ఇంటికొస్తాడు.

అలాంటి మనిషి చేతికి మామగారి గొంతు చిక్కింది. ఆయన బస్సు కండక్టరు. "ముందుకు జరగండమ్మా!" అంటే వెనక బస్సులోవాళ్ళు కూడా జరిగేవారట. ఆయన పోవడానికి కొన్నాళ్ళ ముందు కూతురు పక్కన కూచుని గంటసేపు కబుర్లు చెప్పించి రికార్డు చేసింది. ఆ గొంతుకు ఈ భూమ్మీద మిగిలిన ఆనవాలు అదొక్కటే.

భద్రం దాన్ని మూడు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, శాలువాలో చుట్టి, ఇనప్పెట్టెలో పెట్టి, తాళం వేసి అటకెక్కించాడు. ఎనిమిదేళ్ళుగా మళ్ళీ తీసిన పాపాన పోలేదు.

"ఓసారి తీసి చూడండీ, పనిచేస్తున్నాయో లేదో" అని భార్య అడిగినప్పుడల్లా, "పిచ్చిదానా, తిప్పితేగా అరిగేది!" అనేవాడు.

ఆవిడ ఆస్పత్రి మందుల షాపులో పనిచేస్తుంది. "దాచినంత మాత్రాన మందు మందుగానే ఉంటుందా?" అని గొణుక్కునేది.

ఓ ఆదివారం పొద్దున్నే అంది. "సాయంత్రం తమ్ముడొస్తున్నాడు. నాన్న గొంతు వినాలట."

"చిటికెలో పని!" అంటూ భద్రం అటకెక్కాడు.

కంప్యూటరుకు తగిలిస్తే మొదటి డిస్కు కిమ్మనలేదు. రెండోది అయ్యయ్యో అన్నట్టు టిక్కుటిక్కుమంటూ నాలుక చప్పరించింది. మూడోది దీపం వెలిగించి మరీ, లోపల ఏమీ లేదని చెప్పింది.

భద్రం నోరెళ్ళబెట్టాడు. ఔరా! తాళం మొహమే ఎరగని కుక్కరు మూత పెళ్ళినాటి నుంచీ ఇంట్లోనే పడుంది. ఇంత బందోబస్తులో ఉన్న గొంతు ఎటు పోయినట్టు?

"దొరికిందా?" వంటింట్లోంచి కేక.

"వేడెక్కుతోంది!"

నిజానికి చల్లబడ్డది అతని ఒళ్ళు. బస్సంతా నిండే మనిషిని అరచేతిలో పట్టే డబ్బాలో పెట్టి, ఆవిడ నాన్నను రెండోసారి పోగొట్టాడు. ఆ మాట ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

చెప్పలేదు. ఫోను పుచ్చుకుని స్నానాలగదిలో దూరాడు. నోట్లో తువ్వాలు కుక్కుకుని గొంతు బొంగురు చేశాడు. "ముందుకు జరగండమ్మా! అమ్మాయ్, మా అల్లుడిలాంటివాడు ఈ లోకంలో లేడే!"

సాయంత్రం అది వినిపించాడు. బావమరిది భోరుమన్నాడు. "అచ్చం నాన్నే బావా!"

తనలో ఇంత కళ ఉందా అని భద్రానికే ఒళ్ళు గగుర్పొడిచింది.

భార్య మాత్రం ఏడవలేదు. "ఇంకోసారి పెట్టండి" అని చెవి దగ్గర పెట్టుకుంది. "ఏమండీ, వెనకాల గిరగిరమంటోంది ఏమిటి?"

"బస్సేమో."

"పోయిన నెల మనం కొన్న వాషింగ్ మెషిను. నాన్న ఎప్పుడొచ్చి బట్టలుతికారు?"

భద్రం ఇక ఏదీ దాచలేక అంతా చెప్పేశాడు.

ఆవిడ లేచి, చేతిసంచీలోంచి కొత్త డిస్కొకటి తీసింది. "మీ డిస్కుల్లో ఒకటి ఇంకా కొనఊపిరితో ఉన్నప్పుడే దీన్లోకి ఎక్కించా. అప్పుడప్పుడూ తిప్పి చూస్తూనే ఉన్నా."

"పెట్టెకు తాళం ఉందిగా!"

"మీ కొట్లో ప్రతి తాళానికీ రెండు చెవులిస్తారుగా."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే దీనికీ తాళం వేస్తారు."

డిస్కు సన్నగా గుర్రుమని తిరిగింది. ఓ దగ్గు, ఓ నవ్వు. ఆ తర్వాత గది నాలుగు గోడలూ నిండేలా ఆయనే! బావమరిది లేచి నిలబడ్డాడు. భద్రం తనకు తెలియకుండానే చేతులు కట్టుకున్నాడు. పోయిన మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. ఎంత వింత!

"అమ్మాయ్, దీని కాపీ ఒకటి నీ దగ్గరా ఉంచుకో. అల్లుడుగారికే ఇచ్చావో, ఎంత జాగ్రత్తగా దాస్తారంటే మళ్ళీ ఆయనక్కూడా దొరకదు. మనిషి మాత్రం బంగారం, ఏమీ అనకు."

భద్రం ముక్కు ఎగబీల్చి, మెల్లిగా అన్నాడు. "ఆ ముక్క మళ్ళీ పెట్టవోయ్."

"ఏ ముక్క?"

"అదే... బంగారం."

"దాని ముందుదీ కలిపే వినాలి" అంటూ ఆవిడ కళ్ళు తుడుచుకుని, వెనక్కి జరిపి పెట్టింది.