చింతపండు పెట్టి తోమిన పిస్తోలు

శుక్రవారం ఉదయం చంద్రిక పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రంలోగా పిస్తోలు ఇంట్లోంచి వెళ్లిపోవాలి. సోమవారం తొమ్మిదింటికి, ఇంట్లో తను పెట్టబోతున్న పిల్లల డేకేర్ లైసెన్సు కోసం ఇల్లు తనిఖీ చేయడానికి వస్తున్నారు.

అమెరికాలో, రెడ్‌మండ్‌లో చంద్రిక, భర్త రఘు కొన్న ఇల్లు పాతది. గరాజ్‌లో పాత యజమాని వదిలేసిన పెయింటు డబ్బాల వెనక ఆ పిస్తోలు దొరికింది. అరచేతిలో పట్టేంత ఉంది. ఇత్తడి పిడి, ఇనుప గొట్టం, ఒళ్లంతా మసి. తూటాలు లేవు. రఘు విచారిస్తే అది నూట ముప్ఫై ఏళ్ల నాటిదనీ, పెద్ద ధర పలకదనీ, చట్టం దాన్ని పాత సామాను కిందే చూస్తుందనీ తేలింది. రఘు మనసు అక్కడితో కుదుటపడింది. చంద్రిక మనసు కుదుటపడలేదు. డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్లయి చంద్రిక చదువు ఆగిపోయింది. ఆ తరవాత తన పేరు మీద రాబోతున్న మొదటి కాగితం ఈ లైసెన్సే. నలభై పేజీల నిబంధనల్లో "ఆయుధాలు" అన్న శీర్షిక కనబడగానే ఆమె లాప్‌టాప్ మూసేసింది. దాని కింద ఏం రాసి ఉందో చూసే ధైర్యం చాలలేదు.

కొనేవారు సులువుగానే దొరికారు. రెండు వీధుల అవతల ఉండే పాపయ్యగారు రిటైరైన ఇంజనీరు, పాత పిస్తోళ్లు సేకరిస్తారు. ఫొటో చూసి మురిసిపోయారు. ఆరింటికి వచ్చి తీసుకుంటానన్నారు.

ఆరింటికి ఇంకా గంట ఉందనగా, మనవడు విహాన్‌ని చూసుకోవడానికి ఇండియా నుంచి వచ్చిన అత్తగారు ఉమామహేశ్వరి సంగతి విని దేవుడి దీపం దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"శుక్రవారం పూట ఇంట్లో వస్తువు అమ్ముకుంటామా అమ్మాయ్? లక్ష్మిని చేయి పట్టుకుని గుమ్మం దాటించినట్టే."

"అత్తయ్యా, అది పిస్తోలు."

"అయితే ఏం? అందులో ఇత్తడి లేదూ?"

రఘు ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నట్టు మొహం పెట్టాడు. చంద్రిక పాపయ్యగారికి ఫోన్ చేసి మర్నాడు రమ్మంది.

మర్నాడు పాపయ్యగారు బూట్లు వేసుకుంటుండగా వాళ్లావిడ గిరిజ ఆపేసింది. ఆవిడే ఫోన్ చేసింది.

"ఏమీ అనుకోకమ్మా. నలభై ఏళ్లుగా ఈ దేశంలో ఉన్నా, శనివారం మేకు కూడా కొననివ్వలేదు నేను. ఇనుము ఇంటికి రాకూడదు."

"ఇత్తడే ఎక్కువుంది ఆంటీ."

"గొట్టం ఇనుమని ఆయనే చెప్పారు."

ఒకే వస్తువు నిన్న ఇత్తడై ఆగింది, ఇవాళ ఇనుమై ఆగింది. వెనకనుంచి పాపయ్యగారు ఆదివారం పదింటికి వస్తానని అందించారు.

ఆదివారం తొమ్మిదింటికి చంద్రిక మేడ మీద విహాన్‌కి స్నానం చేయిస్తోంది. వంటగట్టు మీద మసి వస్తువు ఉమామహేశ్వరి కంటపడింది. ఇంకొకరింటికి వెళ్లే వస్తువు ఆ అవతారంలో వెళితే ఈ ఇంటి ఆడవాళ్ల గురించి ఏమనుకుంటారు? ఆవిడ చింతపండు నానేసింది.

పదింటికి వచ్చిన పాపయ్యగారు జేబులోంచి భూతద్దం తీశారు. చంద్రిక పళ్లెంలో పెట్టి తెచ్చిన వస్తువుని చూసి, భూతద్దం మళ్లీ జేబులో పెట్టుకున్నారు. పిస్తోలు పూజ గంటలా మెరుస్తోంది.

"ఎవరమ్మా ఈ పని చేసింది?"

"నేనేనండి," అంది ఉమామహేశ్వరి వంటింట్లోంచి, మెచ్చుకోలు వినడానికి సిద్ధంగా. "చింతపండు, ఉప్పు. రెండుసార్లు తోమితే గానీ లొంగలేదు."

పాపయ్యగారు కాఫీ పక్కన పెట్టేశారు. ఆ నలుపే దాని వయసనీ, నూట ముప్ఫై ఏళ్లు ఎవరి చేయీ పడకుండా వచ్చిన నలుపనీ, ఇప్పుడది నిన్న సంతలో కొన్న కుంకుమ భరిణెతో సమానమనీ రఘుకి చెప్పారు. పోయినవాళ్లని తలుచుకుంటున్నట్టు చెప్పారు. రఘు కూడా అలాగే తల ఊపాడు.

"ఊరికే తీసుకెళ్లండి అంకుల్," అంది చంద్రిక.

"ఇనుము ఊరికే పుచ్చుకోకూడదమ్మా. గిరిజ ఊరుకోదు."

"పోనీ ఒక్క డాలర్ ఇవ్వండి."

"దీనికి డాలర్ ఇచ్చానని తెలిస్తే మా క్లబ్‌లో తల ఎత్తుకోలేను." వెళుతూ గుమ్మంలో ఆగి జాలిపడ్డారు. "పెరట్లో వానకి వదిలేయండి. ఓ యాభై ఏళ్లకి కాస్త దారికొస్తుంది."

చంద్రిక చేతిలో ఉన్నది ఒక్క రోజు.

సోమవారం పొద్దున్న పిస్తోలు గట్టు మీద లేదు. వెతగ్గా వెతగ్గా పూజ మందిరంలో కనిపించింది. కుంకుమ బొట్టు, పక్కన చామంతి పువ్వు. అంత బాగా తోమిన ఆయుధాన్ని గరిటెల పక్కన పెట్టడానికి అత్తగారికి మనసొప్పలేదట. దాన్ని బయటికి తీద్దామనేలోపు కాలింగ్ బెల్ మోగింది. తనిఖీ ఆవిడ పది నిమిషాలు ముందే వచ్చింది.

మెట్ల గేటు బాగుంది, మందుల అలమార బాగుంది. మూడో పేజీ తిప్పి, ఇంట్లో ఆయుధాలేమైనా ఉన్నాయా అని అడిగింది. లేవని చెప్పడం చంద్రిక రాత్రంతా సాధన చేసింది. తీరా నోరు తెరిస్తే "ఉంది" అనే మాటే వచ్చింది. లైసెన్సు మీద ఆశ వదులుకుని మందిరం దగ్గరికి తీసుకెళ్లింది.

ఆవిడ బొట్టు వంక, పువ్వు వంక కాసేపు చూసింది. తూటాలున్నాయా అంది. లేవు. తాళం వేస్తారా అంది. విహాన్ రెండుసార్లు దీపంలో నూనె తాగబోయాక రఘు మందిరానికి తాళం బిగించాడు. తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది అంది. ఉమామహేశ్వరి బొడ్లోంచి తీసి చూపించింది. ఇంకెవరు తెరుస్తారని అడిగితే చంద్రిక ఆ ప్రశ్నని తెలుగులో చెప్పింది.

"స్నానం చెయ్యకుండా నేనే ముట్టుకోను. పిల్లల్ని ముట్టనిస్తానా?"

చంద్రిక ఇంగ్లిష్‌లో ఉన్నదున్నట్టు చెప్పింది. తనిఖీ ఆవిడ చాలాసేపు రాసుకుంది. నిబంధన అడిగేది ఇదే, తూటాలు ఉండకూడదు, తాళం ఉండాలి, పిల్లలకి అందకూడదు అని చెప్పి, ఇంత కట్టుదిట్టం ఏ ఇంట్లోనూ చూడలేదంది.

చంద్రిక మెట్ల మీద కూలబడి, లాప్‌టాప్ తెరిచి, ఆ శీర్షిక కింద ఉన్న నాలుగు లైన్లూ మొదటిసారి చదివింది.

మంగళవారం పాపయ్యగారు ఫోన్ చేశారు. ఆదివారం క్లబ్ వాళ్లకి చూపించడానికి ఆయన ఫోన్లో తీసుకున్న మెరిసే పిస్తోలు ఫొటో గిరిజగారు చూశారట. ఇన్నేళ్లూ ఆయన మోసుకొచ్చిన తుప్పు సామానులో హాల్లో పెట్టుకోదగ్గది ఇదొక్కటే, వెళ్లి తెమ్మన్నారట. రెట్టింపు ఇస్తానన్నారు. మంగళవారానికి అభ్యంతరాలేమీ లేవు కదా అని కూడా అడిగారు.

"పూజలో పెట్టింది అమ్మకూడదని చెప్పు," అంది ఉమామహేశ్వరి.

గురువారం లైసెన్సు వచ్చింది. చంద్రిక తన పేరుని వేలితో తడిమి చూసుకుంది. తరవాత, కింద ఉన్న షరతు చదివింది. ఆయుధం ఉన్న మందిరం తాళంచెవి ఉమామహేశ్వరి దగ్గర మాత్రమే ఉండాలి, ఈ ఏర్పాటు మారితే మళ్లీ మొదట్నుంచి తనిఖీ.

వచ్చే నెలలో ఉన్న అత్తగారి తిరుగు టికెట్‌ని చంద్రిక తన చేతులతోనే వాయిదా వేసింది.