నిశ్శబ్ద వీధికి పదివేల వాలా

దేశంలోనే మొట్టమొదటి 'నిశ్శబ్ద వీధి'ని మన కేజీఎఫ్‌లో ప్రారంభిస్తున్నట్టు వార్డు మెంబరు పాపన్నగారు నాలుగు స్పీకర్లు కట్టించి మైకులో ప్రకటించినారు. ఎంత గొప్ప మనసు!

ఈ పథకానికి ప్రేరణ మాజీ హవల్దార్ మునేష్. సరిహద్దులో పదిహేడేండ్లు తూటాల మధ్య నిలబడినోడు, ఇంటికొచ్చినాక టపాకాయ పేలితే చాలు, ఉన్నచోటే బోర్లా పడతాడు. మొన్న బంగారుపేట మార్కెట్లో టమోటాల మీద పడినాడు. ఆరేండ్ల కూతురు, "నాయనా, నువ్వు ఇస్కూలుకు రావద్దులే, అందరూ నవ్వుతారు" అనేసింది. రెండు రోజులు పాపం మునేష్‌కు అన్నం సహించలేదు.

మునేష్ తండ్రి ఈశ్వరప్ప పాత బంగారు గని కార్మికుడు. "మా కాలంలో ఇంటి కిందనే బండలు పేలుస్తా ఉండ్రి. చెంబు పడకుండా పట్టుకొని ముద్ద తింటా ఉంటిమి. నీకేం వచ్చెరా?" అన్నాడు.

మా వీధిలో టపాకాయలు ఆపండి, అంతే చాలని మునేష్ అర్జీ పెట్టినాడు. విచారణకు ఆఫీసరు మునియప్పగారు ఆటంబాంబు తీసుకొని స్వయంగా వచ్చినారు.

"భయం ఉండాదని రుజువు కావాల గదప్పా!"

మునేష్ మంచం కింద దూరినాడు. రూలు ప్రకారం ముగ్గురు సాక్షులు. ముగ్గురూ వేరేవేరే టైముకు వచ్చినారు కాబట్టి ఇంగ రెండు పేల్చక తప్పలేదు.

ప్రారంభోత్సవం రోజు 'నిశ్శబ్ద వీధి' బోర్డు పక్కన పదివేల వాలా పరిచినారు.

"ఇదెందుకన్నా?" అన్నాడు మునేష్, చెమటలు తుడుచుకుంటా.

"ఆపినట్టు జనాలకు తెలియాల గదప్పా!" అన్నారు పాపన్నగారు.

మొదటి టపాకాయకే మునేష్ ఆయన నడుం పట్టి కాలవలో పడేసి, పైన తను పడుకున్నాడు. "తల ఎత్తినావంటే పోతావు!" పదివేలూ అయ్యేదాకా ఎత్తనీలేదు. మురుగు కాలవను స్వయంగా దిగి పరిశీలించిన నాయకుడని పేపర్లో ఫొటో పడింది.

ఆ తరువాత మూడు రోజులు మునేష్ కూతుర్ని ఇస్కూల్లో దింపినాడు. ఒక్కసారి గూడా పడలేదు. ఆ బిడ్డ దోవలో కనబడినోళ్లందరికీ "మా నాయన" అని చెప్పుకుంటా పోయింది.

అక్కడ పాపన్నగారు మాత్రం కుక్కరు విజిలేసినా సోఫా కింద దూరుతున్నారు. ఇద్దరిలో ఎవరి భయం పెద్దదో మునియప్పగారు సాక్షులు లేకుండానే తేల్చేసినారు.

నాలుగో రోజు తండ్రీ కూతురూ బయటికి వచ్చేసరికి బోర్డు ఉన్నచోట గుంత మిగిలి ఉండాది. బోర్డు పాపన్నగారి వీధికి బదిలీ అయిపోయింది. అక్కడ బోర్డు పెట్టిన సంబరం చేసుకోవాలంటే ఆ వీధిలో రూలు ఒప్పుకోదు గదా, అందుకని పదివేల వాలా ఇక్కడే పరుస్తా ఉండారు.

కూతురు బ్యాగు కింద పెట్టింది. "పడుకో నాయనా. నేనూ పడుకుంటా" అనింది.