సినిమా చూసినవాడు అంచనాకు పనికిరాడు

పాఠక మహాశయులారా, దయచేసి సినిమాలు చూడటం మానేయండి!

కంగారు పడకండి. సినిమాల గురించి మాట్లాడటం మానేయమని నేను అనడం లేదు. అదే మానేస్తే మన ఇళ్ళల్లో ఇక మాటలేం మిగులుతాయి? చూడటం ఒక్కటే మానేయండి. ఆ తీరిక వేళలో, ఏయే సినిమాలకు ఆ పెద్ద అవార్డు నామినేషన్ వస్తుందో అంచనా వేయండి. మెడనొప్పి ఉండదు, ముందు సీటువాడి తల అడ్డు రాదు, ఇంటర్వెల్‌లో క్యూలో నిలబడే పని లేదు.

ఇంత మాట అనడానికి నీకున్న అర్హతేమిటని అడుగుతారా? పద్నాలుగేళ్ళుగా ఏటేటా ఈ పత్రికలో పది సినిమాల జాబితా ఇస్తున్నది నేనే. నిరుడు పదింటిలో తొమ్మిది నిజమయ్యాయి. ఆ పదింటిలో నేను చూసినవెన్ని? ఒక్కటి. తప్పింది అదే!

అందుకే మా సినిమా పేజీ విభాగంలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. జాబితా తయారయ్యే నెలలో ఎవరైనా పొరపాటున సినిమా చూస్తే, గోడకు అంటించిన కాగితం మీద ఆ సినిమాకు ఎదురుగా తన పేరు రాయాలి. దాని గురించి చర్చ వచ్చినప్పుడు లేచి వెళ్ళి వరండాలో నిలబడాలి. ఎందుకంటారా? చూసిన మనిషికి అభిప్రాయం పుడుతుంది. అభిప్రాయం పుట్టాక అంచనా ఎక్కడ నిలుస్తుంది? మా ప్రూఫ్‌రీడర్‌కు సినిమాలు చూసే దురలవాటు ఉంది. పాపం, ఆయన ఆ నెలంతా వరండాలోనే గడిపాడు. చివరికి ప్రూఫులు కూడా అక్కడికే పంపించాం.

చూడకుండా ఎలా చెబుతారండీ అని అమాయకంగా అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. పోస్టర్ ఉంది కదా! పోస్టర్‌లో హీరో మన వైపు చూస్తుంటే ఆ సినిమాకు ఆశ లేదు. కిటికీలోంచి బయటికి చూస్తుంటే నామినేషన్ ఖాయం. గడ్డం ఉంటే సగం దూరం నడిచినట్టే. పాత్ర కోసం పద్నాలుగు కిలోలు తగ్గాడని వార్త వచ్చిందా, ఇక మీరు కథ కనుక్కోనక్కర్లేదు. హీరోయిన్ మేకప్ లేకుండా అంట్లు తోముతున్న ఫొటో ఒకటి బయటికొస్తే చాలు, నేను పెన్ను తీసి రాసేసుకుంటాను. నిడివి రెండున్నర గంటలు దాటాలి. మూడు దాటితే మరీ మంచిది, ఎవరూ పూర్తిగా చూడరు కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. దర్శకుడు ఇంటర్వ్యూలలో నవ్వకూడదు. నవ్విన దర్శకుడికి నామినేషన్ వచ్చినట్టు నా పద్నాలుగేళ్ళ అనుభవంలో లేదు.

ఈ విద్య వల్ల లోకానికి జరిగిన మేలు చూడండి! పూర్వం మొగుడూ పెళ్ళాలు సినిమా చూసి, దారి పొడుగునా పోట్లాడుకుంటూ ఇంటికొచ్చేవాళ్ళు. ఆమెకు నచ్చింది ఈయనకు నచ్చదు, ఈయన ఏడ్చిన చోట ఆమెకు నవ్వొస్తుంది. ఇప్పుడో? ఇద్దరూ సోఫాలో కూర్చుని ‘దీనికి ఛాన్సుంది’, ‘దానికి లేదు’ అనుకుంటారు. ఎవరి మనసూ నొప్పించే పని లేదు.

మొన్న పన్ను పీకించుకోవడానికి వెళ్ళాను. డాక్టరు నా నోట్లో రెండు పనిముట్లు పెట్టి, ఉత్తమ ఛాయాగ్రహణం ఎవరికొస్తుందని అడిగాడు. నేను ‘ఆ’ అన్నాను. ఆయన తృప్తిగా తలూపి, తనదీ అదే అంచనా అన్నాడు. బయట రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి, సినిమా విడుదలయ్యే తేదీ కూడా తెలియకుండా, దాని స్క్రీన్‌ప్లే బలహీనమని చెప్పింది. ఇంత విజ్ఞానం ఏ కాలంలో చూశాం?

అంతా సవ్యంగా సాగుతుండగా, ఈ ఏడాది నేనే తప్పు చేశాను. సినిమా చూశాను.

తప్పు నాది కాదు, మా మరదలిది. మా ఆవిడకు చెల్లెలు, సినిమాలకు శబ్దాలు రికార్డు చేయడం ఆమె వృత్తి. మూడేళ్ళు కష్టపడి ఒక చిన్న సినిమాకు పనిచేసింది. అది హాల్లో పడి రెండు వారాలైంది, అదీ ఊరి మొత్తం మీద ఒక్క హాల్లో. ఒకరోజు పొద్దున్నే వచ్చి టికెట్లు రెండు నా చేతిలో పెట్టింది.

“బావా, నిన్ను పొగడమని అడగట్లేదు. నామినేషన్లు వచ్చే వారం, శుక్రవారం నాడు మా సినిమా తీసేస్తామంటున్నారు. ఆ పదింటిలో పేరొస్తే మాత్రం ఇంకో నలభై హాళ్ళలో వేస్తారట. నువ్వు ఒక్కసారి చూడు, అంతే.”

“చూస్తే అంచనా చెడుతుందమ్మా,” అన్నాను.

“చెడితే చెడింది గానీ, చూడండి ముందు,” అని వంటింట్లోంచి మా ఆవిడ తీర్పు చెప్పింది. ఇక అప్పీలు లేదు.

హాల్లో మేమిద్దరం కాక తొమ్మిది మంది ఉన్నారు. హాయిగా నిద్రపోదామనే వెళ్ళాను. ఒక ఆఫీసు భవనంలో ముప్ఫై ఏళ్ళుగా లిఫ్టు నడిపే ముసలాయన కథ అది. కొత్త లిఫ్టు వస్తుంది, దానికి మనిషి అక్కర్లేదు. అంతే కథ. గడ్డం లేదు, అంట్లు తోమే హీరోయిన్ లేదు, కిటికీ కూడా లేదు. లిఫ్టులో కిటికీ ఎక్కడుంటుంది? నిడివి గంటన్నర. నా లెక్క ప్రకారం ఆ సినిమాలో అన్నీ లోపాలే.

చివర్లో ఆ ముసలాయన ఉద్యోగం మాని ఇంట్లో ఉంటాడు. కూతురు బయటికి వెళుతుంటే తలుపు తీసి నిలబడతాడు. ఆమె గడప దాటాక తలుపు మూస్తాడు. మూయగానే ఆయన కుడిచెయ్యి పక్క గోడ మీద బొత్తాం కోసం వెతుకుతుంది. అక్కడ ఉత్త గోడే ఉంది. అప్పటిదాకా సినిమా పొడుగునా వినిపించిన లిఫ్టు మోత ఆగిపోయి, ఆయన ఊపిరి ఒక్కటే వినిపించింది. ఆ మోత కోసం మా మరదలు పదకొండు రోజులు లిఫ్టులో నిలబడిందట. నేను ఏడ్చాను. కంట్లో నలుసు పడిందని మా ఆవిడకు చెప్పాను, ఆమె కూడా తన కంట్లో పడిందని చెప్పింది. తక్కిన తొమ్మిది మంది పరిస్థితీ అదే.

మర్నాడు ఆఫీసులో గోడ మీద కాగితంలో నా పేరు రాసుకుని, బుద్ధిగా వెళ్ళి వరండాలో ప్రూఫ్‌రీడర్ పక్కన నిలబడ్డాను. ఇద్దరం ఆ సినిమా గురించి అరగంట మాట్లాడుకున్నాం. నిజం చెప్పాలంటే ఈ మధ్యకాలంలో అంత మంచి అరగంట నాకు దొరకలేదు. కానీ మాటలు వేరు, జాబితా వేరు కదా!

తొమ్మిది పేర్లు రాయడం అయిపోయింది. పదోది మిగిలింది. ఒక పక్క లిఫ్టు సినిమా. ఇంకో పక్క మూడుగంటల పది నిమిషాల యుద్ధం సినిమా, నేను చూడనిది. హీరో పదహారు కిలోలు తగ్గాడు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నాకు నచ్చింది, అందుకే అనుమానం వచ్చింది. ఎంపిక సంఘంలో ఉన్నవాళ్ళంతా పెద్దమనుషులు, వాళ్ళకెందుకు నచ్చుతుంది? యుద్ధం సినిమా పేరు రాశాను. నా నిజాయితీ చాటుకోవడానికి, లిఫ్టు సినిమాకు ఏ అవకాశమూ లేదని కింద ఒక వాక్యం కూడా చేర్చాను. సొంత మరదలని చూడలేదు చూశారా!

నామినేషన్లు వచ్చాయి. పదికి పది! పద్నాలుగేళ్ళలో మొదటిసారి. ఆఫీసులో చప్పట్లు కొట్టారు, కేకు కోశారు. మధ్యాహ్నం ఎంపిక సంఘంలో సభ్యుడైన ఒక పెద్దాయన స్వయంగా ఫోన్ చేసి అభినందించాడు.

నేను ఉబ్బితబ్బిబ్బయి, మాటవరసకు అడిగాను. “ఆ లిఫ్టు సినిమా ఏమైనా చూశారా అండీ?”

“చూడకేం! మా ఆవిడా నేనూ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాం. ఈ ఏడాది నేను చూసింది అదొక్కటేనండీ.”

“మరి ఓటు?”

“భలేవారే! దానికి అవకాశం లేదని మీరే రాశారుగా. ఓటు పాడుచేసుకోవడం ఎందుకని యుద్ధం సినిమాకు వేశాను.”

“అది బాగుందా?”

“నన్నడుగుతారేమిటి? మీరు చూసే రాసి ఉంటారు కదా!” అని నవ్వాడాయన. ఆ తర్వాత, సంఘంలో ఇంకో ఆరుగురికి కూడా లిఫ్టు సినిమా నచ్చిందనీ, వాళ్ళు కూడా తనలాగే తెలివిగా ఆలోచించారనీ చెప్పి ఫోన్ పెట్టేశాడు.

చూశారా పాఠకులారా, అంచనాకున్న శక్తి! నేను వాళ్ళ మనసులో ఏముందో చెబుతున్నాననుకున్నాను. వాళ్ళేమో నా మనసులో ఉన్నదే రాశాననుకున్నారు. మధ్యలో ముసలాయన లిఫ్టు ఆగిపోయింది. శుక్రవారం ఆ సినిమా తీసేశారు.

ఆదివారం మధ్యాహ్నం మా మరదలు భోజనానికి వచ్చింది. ముఖం మాడ్చుకుంటుందని అనుకున్నాను. లేదు. పదికి పది వచ్చినందుకు నాకు షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చింది. కంచంలో వేలితో గీతలు గీస్తూ, తలెత్తకుండానే అడిగింది.

“బావా, నీకు నచ్చిందా?”

“జనానికి నచ్చే సినిమానేనమ్మా. కాకపోతే ఈ ఏడు పోటీ...”

“జనం సంగతి కాదు. నీకు?”

మా ఆవిడ వడ్డించడం ఆపి నా వైపు చూసింది.

“నచ్చింది,” అన్నాను. “చాలా నచ్చింది. ఆ గోడ మీద చెయ్యి పెట్టినప్పుడు ఏడ్చాను.”

“మరి ఆ మాట రాయొచ్చుగా, బావా?”

చిన్నపిల్ల, ఆమెకేం తెలుసు చెప్పండి? నాకు నచ్చిందో లేదో రాసుకోవడానికి మా పత్రికలో చోటెక్కడుంది? వెనకటికి ఉండేది లెండి. వారానికోసారి, ఒక మనిషి ఒక సినిమా చూసి తనకేమనిపించిందో అరపేజీ రాసేవాడు. ఆ అరపేజీ దండగనీ, దాన్ని తీసేసి అంచనాలు వేద్దామనీ పద్నాలుగేళ్ళ క్రితం ఎడిటర్‌కు సలహా ఇచ్చారు.

ఇచ్చింది నేనే. ఆ అరపేజీ రాసేవాణ్ణి కూడా నేనే.