గుప్పెడు మన్ను

ఆ మన్ను పొడిగా ఉందా, చెమ్మగా ఉందా అన్నది మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. మిగతావన్నీ ఉన్నాయి. పెట్టెను గోతిలోకి దించుతున్న తాళ్ళు, పాస్టరుగారి గొంతు, పక్కనే భార్య క్యారల్ తెల్లచీర. మట్టికి మట్టి అని పాస్టరుగారు అనగానే నతానియేల్ వంగి గుప్పెట నింపుకున్నాడు. సరిగ్గా అప్పుడే పీఏ హరికిషన్ చెవి దగ్గరికొచ్చి, మంత్రిగారి కారు ఆగిందని చెప్పాడు. మన్ను చేత్తో మంత్రికి చెయ్యెలా ఇస్తారు? దులిపేసుకుని, ప్యాంటుకు తుడుచుకుని, ఎదురెళ్ళాడు. తిరిగొచ్చేసరికి తండ్రి మీద గొయ్యి పూడ్చేశారు.

అది జరిగి ఏడాది. నతానియేల్ మొదటిసారి గెలిచిన ఎమ్మెల్యే, అసెంబ్లీలో అందరికంటే చిన్నవాడు. నియోజకవర్గంలో ఎవరు పోయినా వెళ్తాడు. భుజం పడతాడు, మన్ను వేస్తాడు, అవసరమైన చోట కళ్ళు వాటంతటవే చెమరుస్తాయి కూడా. తన తండ్రి జకర్యా మాస్టారి కోసం మాత్రం ఒక్క చుక్క రాలలేదు. ఏదో ఎక్కడో మరిచిపోయి వచ్చినట్టు, కుడి అరచెయ్యి నిద్రలో ఊరికే మూసుకుంటుంది.

అందుకే ఆ మంగళవారం పొద్దున అతని పథకం చాలా చిన్నది. ఏ.ఎస్. రావు నగర్ ఇంటి నుంచి బోయిగూడ అవతల సమాధుల తోటకు ఒక్కడే వెళ్ళాలి. గుప్పెడు మన్ను వేయాలి. మధ్యాహ్నం మీటింగు లోపల వచ్చేయాలి. గన్‌మన్‌ను టిఫిన్‌కు పంపాడు. ఫోన్ ఆపేసి ఫ్రిజ్ మీద పెట్టాడు. క్యారల్‌ను స్కూటీ తాళాలు అడిగాడు.

"ఎవరైనా అడిగితే ఏం చెప్పను?" అంది క్యారల్.

"ఎక్కడికెళ్ళానో తెలీదని చెప్పు."

"తెలిసి తెలీదని ఎలా చెప్తానండీ? ఆదివారం చర్చి క్వయర్‌లో నిలబడి పాడాలి నేను."

"అయితే చెప్పొద్దన్నారని చెప్పు."

ఆ మాటే కొంప ముంచింది. హరికిషన్ వచ్చేసరికి గన్‌మన్ ఇడ్లీ తింటున్నాడు, ఎమ్మెల్యే లేడు, ఫోన్ పలకడం లేదు. క్యారల్ నిజాయితీగా, చెప్పొద్దన్నారు అంది. గన్‌మన్‌ను వదిలి, ఫోన్ ఆపి, ఇల్లాలి నోరు కట్టేసి బయల్దేరిన ఎమ్మెల్యే వెళ్ళే చోటు రాజకీయాల్లో ఒక్కటే ఉంది, అవతలి పార్టీ. హరికిషన్‌ను నొప్పించింది పార్టీ మారడం కాదు, తనకు చెప్పకుండా మారడం. ఆ నొప్పిని నలుగురికి ఫోన్ చేసి పంచుకున్నాడు. నలుగురిలో ఒకడి బావమరిది టీవీ విలేఖరి. మెట్టుగూడ సిగ్నల్ దగ్గర నతానియేల్ హెల్మెట్ తీసి తల గోక్కోగానే పక్క ఆటోలోంచి ఎవరో ఫొటో తీశారు. 'స్కూటీపై అజ్ఞాతంలోకి ఎమ్మెల్యే' అని టీవీల అడుగున అక్షరాలు పరుగెత్తాయి.

ఇవేవీ అతనికి తెలియవు. సమాధుల తోట గేటు దగ్గర ఊడుస్తున్న రోసమ్మ, ఎవరి కోసం వచ్చినవు బిడ్డా అని అడిగింది. జకర్యా మాస్టారి కోసం అన్నాడు.

"ఎమ్మెల్యే వాళ్ళ నాయననా? వేపచెట్టు పక్కన పో. పెద్ద రాయి."

రాయి నిజంగానే పెద్దది. హరికిషన్ దగ్గరుండి వేయించాడు. మొదటి వరసలో 'శాసనసభ్యులు శ్రీ నతానియేల్ గారి తండ్రి' అని పెద్ద అక్షరాలు, కింద చిన్నగా తండ్రి పేరు. ముప్పై ఏళ్ళు బడిపిల్లల చేతిరాత దిద్దిన మనిషి. ఈ రాత చూస్తే ఏమనేవాడో. నతానియేల్ చెప్పులు విప్పి మన్ను కోసం వంగాడు.

"అన్నా!"

హరికిషన్, వెనక ఇరవై మంది. క్యారల్ చివరికి, ఆయన ఒంటరిగా ఉండాలనుకున్నారు, అక్కడికి మాత్రం వెళ్ళకండి అని ఆ చోటు పేరు కూడా చెప్పి బతిమాలిందట.

"అయిదేండ్ల సంది నీ వెంబడి తిరుగుతున్న. నాకొక్క మాట చెప్పకపోతివి," అన్నాడు హరికిషన్ గద్గదంగా. "నాయన దీవెన తీసుకొని అట్లనే అటు పోదామనుకున్నవా?"

ఎటు అని నతానియేల్ అడిగేలోపు జవాబు గేటులోంచి వచ్చింది. అవతలి పార్టీ నాయకుడు తుకారాం. బోయిన్‌పల్లి మార్కెట్లో రైతులతో మాట్లాడుతూ టీవీ చూసి, హరికిషన్ మనుషుల నోటి నుంచి చోటు పేరు కూడా పొక్కేసరికి ఉన్నపళంగా కారెక్కాడు. వస్తూనే తన పార్టీ కండువా నతానియేల్ మెడలో వేశాడు.

"మస్తు జాగా చూసినవ్ తమ్మీ. ఈడ ఎవ్వడు అనుమానపడడు."

సెల్‌ఫోన్లు పైకి లేచాయి. ఆ ఫొటో నతానియేల్ సొంత పార్టీ అధ్యక్షుడి దాకా చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. హరికిషన్ ఫోన్ మోగింది. అతను రెండు చేతులతో అందించాడు.

కార్పొరేషన్ చైర్మన్ పదవి ఇవ్వలేదని అలిగావా అన్నాడు అధ్యక్షుడు. నతానియేల్ ఆ పదవి కోసం రెండేళ్ళు ఆయన గుమ్మం ముందు నిలబడ్డవాడే. కానీ అతని చూపు రాతి మీద చిన్న అక్షరాల దగ్గర ఉండిపోయింది. సరే, చైర్మన్ నువ్వే అన్నాడు అధ్యక్షుడు. నతానియేల్ మాట్లాడలేదు. క్యాబినెట్ హోదా కూడా అన్నాడు. అప్పటికీ నిశ్శబ్దమే. అధ్యక్షుడు పెద్దగా నిట్టూర్చాడు.

"ఇంకేం కావాలయ్యా నీకు?"

"డాడీ దగ్గర ఒక్క నిమిషం ఉండనివ్వండి సార్."

చిన్నవాడైనా బేరం తెలిసినవాడు అనుకున్నాడేమో అధ్యక్షుడు. నిమిషం ఎందుకు, వచ్చే విస్తరణలో మంత్రివి నువ్వే, ఇప్పుడే ప్రకటిస్తున్నా అని పెట్టేశాడు.

అప్పుడు వచ్చాయి కన్నీళ్ళు. ఏడాది ఆగినవి ఒక్కసారిగా, చొక్కా తడిసేలా. అతను తండ్రి రాతి మీద చేతులాన్చి పసివాడిలా ఏడ్చాడు. చుట్టూ ఫోన్లన్నీ దాన్ని జాగ్రత్తగా పట్టుకున్నాయి. క్షణాల్లో 'మంత్రి పదవి ఖరారు, యువనేత ఆనందబాష్పాలు' అని ఊరంతా చూసింది. తుకారాం మెల్లగా కండువా తీసి మడతపెట్టాడు.

"ఉండనియ్ తమ్మీ. మల్ల ఎవరికైన పనికొస్తది."

గేటు బయట పటాకులు పేలాయి. ఎవరో దండలు తెచ్చి నతానియేల్ మెడలో ఒకటి, రాయికి ఒకటి వేశారు. హరికిషన్ బాధ ఎప్పుడో పోయింది. ఊరేగింపుకు ఓపెన్ టాప్ జీపు మాట్లాడ్డానికి అందరినీ తోలుకుని బయటికి నడిచాడు. పోతూ పోతూ, కళ్ళు తుడుచుకోకు అన్నా, ఫోన్లల్ల మంచిగ పడుతున్నయ్ అని చెప్పి వెళ్ళాడు.

తోటలో మళ్ళీ వేపచెట్టు చప్పుడు వినబడింది. నతానియేల్ మెడలో దండ తీసి కొమ్మకు తగిలించాడు. సమాధుల మధ్య మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని గుప్పెట నింపుకున్నాడు. మన్ను చెమ్మగా, చల్లగా ఉంది. బయట జీపు హారన్ మోగింది, ఎవరో అన్నా అని పిలిచారు. ఈసారి చెయ్యి దులుపుకోలేదు. రాతి మీద, చిన్న అక్షరాల మీద, వేళ్ళు ఒక్కొక్కటిగా తెరిచాడు.

చీపురు పట్టుకుని వెనకే వచ్చిన రోసమ్మ ఒక నిమిషం చూసి అంది.

"ఆడ పొద్దుగాలనే ఊడ్చిన సార్."