మా దొరువు నీళ్ళు పరీక్ష పాసయ్యాయి

ఆనకట్ట వల్ల మేలా, కీడా అన్నది తర్వాత తేల్చుకుందాం. ముందు ఆ ఆనకట్ట వల్ల మాకెంత నష్టమో అంచనా వెయ్యటానికి వచ్చే పెద్దమనుషులకు ఒక దణ్ణం. అంచనాకు మించిన వరం ఈ దేశంలో లేదని నేను ఢంకా బజాయించి చెబుతాను. తుఫాను చెప్పకుండా వస్తుంది, కొంపలు కూల్చి పోతుంది. అంచనా అలా కాదు. జీపులో వస్తుంది, కుశలం అడుగుతుంది, రాబోయే నష్టం అసలు నష్టమే కాదని చెప్పి వెళ్తుంది. దెబ్బ తగలకముందే మందు రాసేవాళ్ళు ఇంకెక్కడైనా ఉన్నారా?

విషయం ఇదీ. మాకు ఎగువన ఒక కంపెనీ కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టి కరెంటు తీస్తుందట. మా దివిసీమ నేల ఎంత చదునంటే, కాలవలో పడ్డ ఆకు ఎటు పోవాలో కాసేపు ఆలోచించుకుని గాని కదలదు. ఆ నీళ్ళ చేత చక్రాలు తిప్పిస్తారట. తిప్పనివ్వండి. మనకెందుకు? చదువుకున్నవాళ్ళు, వాళ్ళకు తెలియదా?

మాది హంసలదీవి దగ్గర, నది సముద్రంలో కలిసే చోట, చేపలవేట మీద బతికే చిన్న పాలెం. మేం తాగేది దొరువు నీళ్ళు. దొరువంటే ఇసుకలో నడుంలోతు తవ్విన గుంట. ఎగువ నుంచి నది నీళ్ళు తోసుకొస్తున్నంత కాలం అందులో మంచినీళ్ళు ఊరతాయి. నది నీరసించిందా, ఇసుక కింద నుంచి సముద్రం వచ్చి కూర్చుంటుంది. పక్క పాలెంలో దొరువులు అలా ఉప్పెక్కితే జనం ఒక్కొక్కరే సామాను సర్దుకుని అవనిగడ్డలో అద్దె కొంపలు చూసుకున్నారు. ఇప్పుడక్కడ తాటాకు పాకలున్నాయి, పొయ్యిలు లేవు.

మా పాలెంలో సగం మందికి నీళ్ళిచ్చే దొరువు రావమ్మ ఇంటి వెనక ఉంది. ఆమె మగడు బతికుండగా తన చేత్తో తవ్వినది. వేసవి వచ్చిందంటే రావమ్మ ప్రాణమంతా దాని మీదే. పొద్దున్నే కొబ్బరిచిప్పతో కాసిని నీళ్ళు తోడి నాలిక మీద వేసుకుని, ఇంకో ఏడాది ఇక్కడే ఉంటామా, మూటాముల్లె కట్టాల్సిందేనా అని ఆలోచిస్తూ నిలబడుతుంది. ఎండలు ముదిరితే నీళ్ళు ఉప్పనవుతాయి. వానలు పడి నది వస్తే మళ్ళీ తియ్యనవుతాయి. ఆ నది రాకపోతే ఏమిటన్నదే ఆమె గుండెల్లో రాయి.

సరిగ్గా అలాంటి మండుటెండల్లో అంచనా వాళ్ళ జీపు వస్తుందని కబురొచ్చింది.

రావమ్మ చేసిన మొదటి పని మరిదిని కేకెయ్యటం. "ఒరే దైవాధీనం, సైకిలేసుకుని కోడూరు పోయి బిందెడు మంచినీళ్ళు పట్టుకురారా."

"వాళ్ళొచ్చేది మన నీళ్ళెట్టా ఉన్నాయో చూడ్డానికే గదా వదినా?" అన్నాడు దైవాధీనం.

"చూడనీ. తాగించమని ఎవరన్నారు? ఇంటికొచ్చినోళ్ళకి ఉప్పు నీళ్ళిచ్చిందంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

దైవాధీనం గొణుక్కుంటూ పోయాడు, చెమట కక్కుకుంటూ తెచ్చాడు. రావమ్మ కొత్త కుండ కడిగి, నీళ్ళు పోసి, తడిగుడ్డ చుట్టి చూరు కింద పెట్టింది. మా వైపు మర్యాద అంతే. మేం ఏం తాగినా, వచ్చినవాళ్ళు మాత్రం మంచినీళ్ళే తాగాలి.

నిపుణులు దిగారు. పెద్దాయన గోవర్ధనరావు గారు, నెత్తిన టోపీ. ఆయన వెంట వందన గారని ఒకమ్మాయి, చేతిలో నీళ్ళు పట్టుకెళ్ళే సీసాలు. గోవర్ధనరావు గారు చెంబెత్తి గటగటా తాగి, "అబ్బ, ఎంత తియ్యగా ఉన్నాయమ్మా! హైదరాబాదులో మాకివి ఎక్కడ దొరుకుతాయి?" అన్నారు. రావమ్మ మొహం ఇంతయింది.

తర్వాత దొరువు దగ్గరికి వెళ్ళి శాంపిల్ తియ్యాలి. వందన గారు అరుగు దిగి ఇసుకలో కాలు పెట్టింది, వెంటనే వెనక్కి తీసుకుంది. పాపం, పల్చటి చెప్పులు. పెద్దాయన వైపు చూసింది. ఆయన కుండ వైపు చూశారు. సీసాలు కుండలోనే మునిగాయి, బుడగలు వచ్చాయి, మూతలు పడ్డాయి. దైవాధీనం దగ్గబోయాడు. రావమ్మ కళ్ళెర్రజేసింది. ఇంటికొచ్చిన ఆడపిల్ల కుండలో చెయ్యి పెడితే వద్దంటామా?

నీళ్ళయ్యాక మనుషుల వంతు. "మీకు కరెంటు కావాలా?" అని అడిగారు గోవర్ధనరావు గారు.

"కావాలండీ. స్తంభాలు పాతి పోయారు, తీగెలు మర్చిపోయారు. ఎవరన్నా గుర్తు చెయ్యండి బాబూ," అంది మా భాగ్యమ్మ.

ఆయన తలూపి రాసుకున్నారు. ఆ పూట పాలెం మొత్తం ఎవరింట్లో ఏముంటే అది తెచ్చి ఒకచోట వండితే, పీతల కూరతో భోంచేసి వెళ్ళారు. కుండ అడుగున మిగిలిన కోడూరు నీళ్ళు మా పిల్లలు పోట్లాడుకుని తాగారు.

కొన్నాళ్ళకు నివేదిక మండలాఫీసులో పెట్టారు. దాని తెలుగు సారాంశం నేను కూర్చుని చదివాను. వయసు మళ్ళాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దినదాన్ని, ఒక్కో మాటా కూడబలుక్కుంటే గాని ముందుకు పోలేను. అది మంచికే అయింది. గబగబా చదివేవాళ్ళు ఇంత అందమైన మాటలు మింగేసి పోతారు. "స్థానిక మహిళలు ప్రాజెక్టును ముక్తకంఠంతో స్వాగతించారు." అంటే భాగ్యమ్మ తీగెలు. "మత్స్యసంపద సమృద్ధిగా ఉన్నది." అంటే పీతల కూర. "భూగర్భజలం మిక్కిలి మధురమైనది. ప్రాజెక్టు తదుపరి ఉప్పదనం కొంత పెరిగినను, ప్రస్తుత నాణ్యత దృష్ట్యా ప్రజలు తట్టుకొనగలరు."

ఇంటికొచ్చి ఈ ముక్క చెబితే రావమ్మ గుమ్మంలోనే కూలబడింది. "అక్కా, అది నా కుండలో నీళ్ళ సంగతా?"

"అదే. పరీక్ష పాసయ్యావు."

"నా దొరువు నా చేత్తోనే పూడ్చుకున్నానా?" అంది. ఆ పూట ఆమె అన్నం తినలేదు.

బందరులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ఎంత మంచి ఏర్పాటో చూడండి! నది ఒడ్డున ఉన్నవాళ్ళ అభిప్రాయం నది ఒడ్డున సేకరిస్తే తడిసిపోదూ? రెండు బస్సులు మారి వెళ్ళాం. హాలు నిండా కుర్చీలు, కుర్చీల నిండా కంపెనీ తోలుకొచ్చిన మనుషులు. వాళ్ళ అభిప్రాయాలు ముందే సేకరించి ఉంచినట్టున్నారు, పిలవగానే లేచి అప్పజెప్పారు. చివర్లో రావమ్మకు మైకు దొరికింది.

"ఆ నీళ్ళు మా దొరువువి కాదండీ. కోడూరు నుంచి తెప్పించాను."

బల్ల వెనకున్న పెద్ద అధికారి కళ్ళజోడు సవరించుకున్నారు. "ఎందుకు తెప్పించావమ్మా?"

"తవరొస్తున్నారని."

హాలంతా నవ్వింది. అధికారి నవ్వలేదు. "అంటే పరిశీలనకు వచ్చినవాళ్ళని తప్పుదోవ పట్టించావన్నమాట."

"లేదండీ. దాహానికిచ్చాను. సీసాల్లో పట్టుకుపోతారని నాకేం తెలుసు?"

గోవర్ధనరావు గారు తన టోపీ లోపల ఏం రాసుందో శ్రద్ధగా చూసుకుంటున్నారు. అధికారి ఆలోచించి, ఈ అభ్యంతరాన్ని నమోదు చేసుకుని తగు విధంగా సవరిస్తామని హామీ ఇచ్చారు.

మాట తప్పలేదు. నిజంగానే సవరించారు. కొత్త నివేదికలో మధురమైన భూగర్భజలం అలాగే ఉంది. దాని కింద ఒక వాక్యం చేర్చారు. "అవసరమైన పక్షంలో కోడూరు నుండి తాగునీరు తెచ్చుకొను ప్రత్యామ్నాయ ఏర్పాటు గ్రామస్థుల వద్ద ఇదివరకే కలదు."

ఆ ఏర్పాటు ఎవరో మీకు తెలుసు. మా దైవాధీనం. ఆనకట్ట వల్ల దివిసీమకు జరిగే నష్టమంతా ఇప్పుడు అతని సైకిలు క్యారేజీ మీద ఉంది. "వదినా, టైర్లన్నా కొత్తవి ఏయిస్తారేమో అడగకపోయావా," అన్నాడు. రావమ్మకు నవ్వు రాలేదు.

తిరిగి ఎండాకాలం రాగానే గోవర్ధనరావు గారు మళ్ళీ దిగారు. చివరి సంతకానికి ముందు ఒకసారి చూసి వెళ్ళాలట. ఈసారి దైవాధీనం సైకిలు బయటికి తియ్యబోతే రావమ్మ వద్దంది. తనే దొరువులో నీళ్ళు తోడి, గుడ్డతో వడగట్టి, తోమిన గ్లాసులో పోసింది. ఇవ్వబోయి ఒక్క క్షణం ఆగింది. పుట్టి బుద్ధెరిగాక ఇంటికొచ్చినవాళ్ళకు అలాంటి నీళ్ళు ఇవ్వలేదు మరి. తలొంచుకుని చెయ్యి చాపింది.

ఆయన ఒక గుక్క పుచ్చుకుని, పక్కకు తిరిగి ఇసుకలో ఉమ్మేశారు. "ఇవేం నీళ్ళమ్మా!"

"మా నీళ్ళేనండీ. రాసుకోండి."

ఆయన రాసుకోలేదు. శాంపిల్ పోయినసారే తీశామన్నారు. డ్రైవర్ని పిలిచి జీపులో నుంచి నీళ్ళ సీసా తెప్పించుకున్నారు, పుక్కిలించారు, తాగారు, ఎక్కి వెళ్ళిపోయారు.

గ్లాసు అరుగు మీద అలాగే ఉంది. ఎండాకాలంలో నీళ్ళు పారబొయ్యటం మాకు అలవాటు లేదు. రావమ్మ దాన్ని తీసుకుని, జీపు పోయిన దారి వైపు చూస్తూ, చివరి చుక్క దాకా తాగి, గ్లాసు బోర్లించింది.

కాబట్టి పాఠక మహాశయులారా, అంచనా వరమన్న మాటకు నేనింకా కట్టుబడే ఉన్నాను. ఆయన మా నీళ్ళకు కట్టిన అంచనాలో రవ్వంత తప్పు లేదు. ఇసుకలో ఉమ్మి వెళ్ళారు. అంతకన్నా నిఖార్సైన నివేదిక ఎవరు రాయగలరు?

కంపెనీ వారు నిరభ్యంతరంగా ఆనకట్ట కట్టుకోవచ్చు. మా పాలెం తరఫున నేనే సరే అంటున్నాను. ఒక్క చిన్న కోరిక. సంతకాల కాగితం మా రావమ్మ అరుగు మీదికి తీసుకురండి. గోవర్ధనరావు గారు ఆ గ్లాసెడు నీళ్ళూ తాగి, గ్లాసు బోర్లించి, ఆ తర్వాత పెన్ను తియ్యాలి.